గోడ కోసం ప్రార్థన

“అమ్మగారూ, టీలో పంచదార కాస్త తక్కువైందండీ,” అంటూ దర్జీ భార్య కప్పు మళ్లీ నా చేతిలో పెట్టింది. మొహమాటంగా నవ్వింది కూడా. పాపం, ఆవిడ తప్పేముంది? ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటిదాకా మోకాళ్ల మీద ఉండి, కొండ విరిగిపడిన ఊరి కోసం కళ్లు వాచేలా ఏడ్చి లేచి వచ్చింది. గొంతు ఆరిపోయి ఉంటుంది. డబ్బా మూత తీసి ఇంకో చెంచా వేసి కలిపి ఇచ్చాను. ఆ మట్టి కిందే నా చెల్లెలు ఉందని ఆవిడకి తెలియదు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. నేను, మా ఆయన, మా అత్తగారు.

మా ఆయన పాస్టరు. మా ఇల్లు మందిరానికి ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక్క తలుపు. తలుపు అవతల జరిగేదాన్ని సేవ అంటారు. ఇవతల జరిగేదానికి పేరు లేదు. చాపలు దులపడం, మరుగుదొడ్డి కడగడం, మైకు ఛార్జింగు పెట్టడం, వచ్చినవాళ్లకి టీ ఇవ్వడం, ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో కనుక్కోవడం, అదంతా ఒక కాయితం మీద రాసి ఆయన చేతికివ్వడం. ఆ కాయితాన్ని ప్రార్థన అంశాలు అంటారు. పద్దెనిమిదేళ్లుగా నేనే రాస్తున్నాను. “అయ్యగారి ప్రార్థన వింటే రాయైనా కరుగుతుందండీ” అని జనం వచ్చి నాతోనే చెప్తారు. ఔనండీ అంటాను. ఏమంటాను మరి?

నిన్న పొద్దున పదింటికి కొండ విరిగిపడింది. ఇక్కడికి మూడు గంటల ప్రయాణం. వారం రోజుల వానకి నానిన మట్టి ఒక్క ఊపున జారి మూడు వీధుల్ని కప్పేసింది. టీవీలో చూస్తూ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెల్లికి ఫోను చేస్తే మోగడం లేదు. ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. ఆయన నా వెనకే నిలబడి చూశారు, భుజం మీద చెయ్యి వేశారు, కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే తిరిగాయి. తర్వాత ఫోను తీసి సంఘ పెద్దలందరికీ చెప్పారు, రేపు చైన్ ప్రేయర్ అని. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరుదాకా, గంటకి ఇద్దరు చొప్పున. ఒకళ్లు లేస్తే ఇంకొకళ్లు మోకరించాలి, ప్రార్థన తెగకూడదు. పన్నెండింటికి సంఘమంతా కలిసి ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. ఫోను పెట్టేసి నావైపు తిరిగి, “టీ, బిస్కెట్లు, మధ్యాహ్నం వంట... చూసుకుంటావుగా?” అన్నారు. చూసుకుంటావుగా అన్నది మా ఇంట్లో ప్రశ్న కాదు.

“బుల్లి పేరు కాయితంలో రాయనా?” అని అడిగాను.

“వద్దు. బాధితులందరి కోసం అని రాయి. అందరిలో ఆమె కూడా ఉంటుందిగా,” అన్నారు.

బుల్లి నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. చంకనేసుకుని పెంచాను దాన్ని. మా సంఘ పెద్ద కొడుక్కే ఇచ్చాం, ఆ సంబంధం కుదిర్చింది మా ఆయనే. నాలుగేళ్లు దెబ్బలు తింది. ఒకరోజు చెవిలోంచి రక్తం కారుతుంటే మా గుమ్మం ఎక్కింది. ఆయన కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, తీసుకెళ్లి ఆ ఇంట్లోనే దింపి వచ్చారు. రెండోసారి అది మా గుమ్మం ఎక్కలేదు, బస్సెక్కింది. నెల తిరక్కుండా ఒక ఆదివారం ఆయన మైకులో దాని పేరు చదివారు. సంఘ సహవాసం నుంచి తీసివేశాం, ఎవరూ రాకపోకలు పెట్టుకోకూడదు, పెట్టుకున్నవాళ్లకీ అదే శిక్ష, అన్నారు. కొట్టినవాడు మూడో వరసలో కూర్చుని విన్నాడు. ఆ ఒక్క కాయితం మాత్రం నేను రాయలేదు.

అది ఆ కొండ ఊళ్లో ఒక ఆసుపత్రి లాండ్రీలో పనికి కుదిరింది. రాత్రంతా దుప్పట్లు ఉతకడం, ఆరబెట్టడం, మడతలు పెట్టడం. పోయిన సోమవారం నేను కూరగాయలకి బయటికి వెళ్లే వేళ చూసి ఫోను చేసింది. “అక్కా, వెనక గోడ బీటలు వారింది. తలుపు కూడా సరిగ్గా పడటం లేదు. ఈ వానలు తగ్గేదాకా నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండనా? ఎవరి కంటా పడను. సామాను గదిలో పడుంటాను,” అంది.

ఆయన్ని అడిగాను. అన్నం పెడుతూ, కూర రెండోసారి వడ్డిస్తూ, మనసు బాగున్న వేళ చూసి మరీ అడిగాను. “ఇప్పుడు తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే సంఘం ఏమనుకుంటుంది? సంఘ పెద్దాయనకి నా మొహం ఎలా చూపించను? ప్రార్థనలో పెడదాం,” అన్నారు. అత్తగారు పక్కనుంచి, “గోడ బీట వారితే మేస్త్రీని పిలుస్తారుగానీ అక్కని పిలుస్తారా?” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేశాను? ఆయన పళ్లెం తీసి కడిగాను. బుల్లికి ఫోను చేసి, “ప్రార్థనలో పెట్టామే,” అన్నాను. అది నవ్వింది. “సరే అక్కా, పెట్టండి. కాస్త గట్టిగా చెయ్యమను బావని, గోడకి కూడా వినపడాలిగా,” అంది.

బుధవారం కూటానికి కాయితంలో ఏడో అంశంగా రాశాను, ఒక సహోదరి ఇంటి గోడ కోసం అని. పేరు రాయలేదు. ఆయన చదివారు, అందరూ ఆమేన్ అన్నారు. కొట్టినవాడు కూడా అనే ఉంటాడు. ఇంటికొచ్చి నా నోట్ బుక్కులో ఆ వరస పక్కన టిక్కు పెట్టాను. ప్రార్థించిన అంశాలకి టిక్కు పెట్టడం నాకు అలవాటు. టిక్కు పెట్టగానే నా మనసు తేలికపడింది చూడండి, అది తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. చేయాల్సిందేదో చేసేసినట్టు హాయిగా నిద్రపోయాను. శుక్రవారం ఆ గోడ పడింది. గోడ ఒక్కటే కాదు.

ఇవాళ పదిన్నరకి, రెండో గిన్నె పొయ్యి మీదికి ఎక్కిస్తుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. “మీరు ఆవిడ అక్కగారేనా అండీ? నేను లాండ్రీ సూపర్‌వైజర్ని. ఆవిడ డ్యూటీ కార్డులో, అత్యవసరమైతే పిలవాల్సిన మనిషి అన్నచోట మీ నంబరు రాసుంది,” అంది ఒక ఆడగొంతు. పొయ్యి గట్టు పట్టుకున్నాను. వస్తానంటే వద్దన్న మనిషి నంబరే దొరికిందా దానికి రాసుకోవడానికి!

ఆవిడ నిన్నటి నుంచి ఆ మట్టి దగ్గరే ఉందట. ముందు గది ఉన్నచోట తవ్వారట, మంచం దొరికింది, మంచం మీద ఎవరూ లేరు. ఇల్లు అద్దెకిచ్చినావిడ పోయింది, చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. ఆ ఇంట్లో ఏ గది ఎటు ఉండేదో చెప్పే దిక్కు లేదు. “మీరెప్పుడైనా ఆ ఇంటికి వచ్చారా అమ్మా?” అంది.

“మెట్ల కింద చూడమనండి,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. “రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. ముందు గదిలో వెలుతురు ఎక్కువని మెట్ల కింద గదిలో పడుకుంటుంది. నీళ్ల ట్యాంకు వైపు మొహం పెట్టి నిలబడితే ఎడం చేతివైపు...”

“అమ్మా, ఇక్కడ మెట్లూ లేవు, గదులూ లేవు. అంతా మట్టే. ట్యాంకు ఒక్కటి నిలబడి ఉంది. ఫోన్లో చెప్తే వీళ్లు తవ్వే మిషను పెట్టరు. తప్పు చోట పెడితే, కింద మనిషి ఉంటే ఆ బరువుకే ప్రాణం పోతుందట. ఇల్లు తెలిసిన సొంతవాళ్లు వచ్చి, నిలబడి, ఇదిగో ఇక్కడ అని చూపించాలి. ఐదింటిదాకానే ఈ వీధిలో తవ్వుతారు. తర్వాత మిషను అవతలి వాలుకి పోతుంది. పొద్దున పక్క వీధిలో ఒకాయన్ని ప్రాణాలతో బయటికి తీశారమ్మా. నా కళ్లతో చూశాను. ఎలాగైనా రండి.”

పోయినేడు ఆ గదిలో నేను పడుకున్నాను. గది అంటే గదీ కాదు, సామాను పెట్టుకునే చోటు. గాలి వచ్చే కంతకి గుడ్డ అడ్డం కట్టి, పరుపు పరుచుకుంది. “ఇక్కడైతే నన్ను ఎవరూ లేపరు అక్కా,” అంది గొప్పగా. స్త్రీల సదస్సుకి వెళ్తున్నానని చెప్పి దాని దగ్గరికి వెళ్లాను నేను. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఇరుకిరుగ్గా పడుకుని, చిన్నప్పటి కబుర్లు చెప్పుకుని, కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. లేవబోతే మెట్టు ఠపీమని నెత్తికి తగిలింది. దానికీ నవ్వే. పెళ్లయ్యాక నేను పగటిపూట నడుం వాల్చింది ఆ ఒక్కరోజే.

తిరిగొచ్చాక ఆదివారం ఆయన, “సదస్సులో దేవుడు నీతో ఏం మాట్లాడాడో సంఘానికి సాక్ష్యం చెప్పు,” అన్నారు. తలమీద ముసుగు సర్దుకుని లేచాను. వెళ్లని సదస్సు గురించి పది నిమిషాలు సాక్ష్యం చెప్పాను. నలుగురు ఏడ్చారు. బేకరీ ఆవిడ ఆ సాక్ష్యం విని ఏళ్ల తరబడి మాట్లాడని తోడికోడలితో మాట కలిపింది. మీకు నవ్వొస్తోందేమో. అప్పుడు నాకూ వచ్చింది.

ఆయన లోపలి గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. తలుపు దగ్గరగా వేసి చెప్పాను. లాండ్రీ ఆవిడ ఫోను చేసిందని, ఐదింటిదాకానే తవ్వుతారని, ఎవరో ఒకరు వెళ్లి చూపించాలని. “నన్ను పంపించండి. మన వ్యాను ఉందిగా,” అన్నాను.

ఆయన చేతులు గుండీ దగ్గరే ఆగిపోయాయి. “నువ్వు ఆ ఇల్లు ఎప్పుడు చూశావు?” అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. “చూడని ఇంటికి వెళ్లి ఏం చూపిస్తావు చెప్పు?”

చెప్పాల్సింది అప్పుడే. నాలుక మీదికి వచ్చింది. కానీ పాస్టరు భార్య మందిరంలో నిలబడి దేవుడి పేరున అబద్ధం చెప్పిందంటే ఆయన రేపు ఏ మొహంతో మైకు పట్టుకుంటారు? మేముంటున్న ఇల్లు సంఘానిది. మమ్మల్ని ఖాళీ చేయించడానికి పెద్దాయన ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నాడు. ఇవన్నీ రెప్పపాటులో తలలో తిరిగాయి. “చూడలేదు,” అన్నాను. అన్నానండీ. తోడబుట్టింది మట్టి కింద ఉంటే చూడలేదు అన్నాను.

“మరి? ప్రార్థన కంటే మనం చేయగలిగింది ఏముంది?” అని నా తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. చిన్న ప్రార్థనే చేశారు. తర్వాత, “నా కాయితం ఎక్కడ పెట్టావు?” అన్నారు. సొరుగులోంచి తీసిచ్చాను.

వంటగదిలో అత్తగారు నా మొహం వంక చూసి, “ఆ ఏడుపు మొహంతో జనంలోకి వెళ్లకు. ఎవరైనా అడిగితే ఏం చెప్తాం?” అన్నారు. “ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్తాను అత్తయ్యా,” అన్నాను. ఆవిడ నిజంగానే నాలుగు ఉల్లిపాయలు తెచ్చి నా ముందు పెట్టారు. తరిగాను. కూరకి అక్కర్లేకపోయినా తరిగాను.

పొద్దున్నుంచీ మందిరంలో మాటలన్నీ ఆ తలుపులోంచి నాకు వినిపిస్తూనే ఉన్నాయి. రిటైరైన హెడ్‌మాస్టరు ఆ ఊరి పాపాల్ని ఒక్కొక్కటే దేవుడికి గుర్తుచేశాడు, దేవుడు మర్చిపోయాడేమో అన్నట్టు. మందుల షాపాయన, “మా ఇళ్లను, మా పిల్లలను కాపాడినందుకు నీకు స్తోత్రం,” అన్నాడు. అంటే మట్టి కిందివాళ్లని కాపాడటం దేవుడికి కుదరలేదనా? సంఘ పెద్ద, అదే బుల్లి మామగారు, “ఈ విపత్తు ద్వారా ఆ జనం కళ్లు తెరిపించు ప్రభువా,” అన్నాడు. కళ్లలో మట్టి నిండినవాళ్లని కళ్లు తెరవమంటాడేమిటి ఈయన! గరిట విసిరికొడదామనిపించింది. ఇలాంటి మాటలు పద్దెనిమిదేళ్లుగా నేనూ రాశాను. వరద వస్తే రాశాను, భూకంపం వస్తే రాశాను. నీ చిత్తం నెరవేరనీ అని రాశాను. ఎవరివో తెలియని ఊళ్లు కాబట్టి ఆ మాటలు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలియలేదు.

పదకొండింటి వంతు మందిరం ఊడ్చే మామ్మది. ఆవిడకి చదువు లేదు, ప్రార్థన పెద్దగా రాదని అందరూ వెనకాల నవ్వుకుంటారు. ఆవిడ మోకరించలేక గోడకి చేరగిలపడి, రెండు చేతులూ నేలకి ఆనించి, “ఊపిరి తండ్రీ. ఇంకో గంట ఊపిరి ఇయ్యి తండ్రీ. ఒక్క గంట,” అంటోంది. అంతే. అదే మాట మళ్లీ మళ్లీ. నేను పొయ్యి ఆర్పకుండానే వెళ్లి ఆవిడ పక్కన కూలబడ్డాను. “ప్రభువా, దాన్ని చూడు,” అన్నాను. తర్వాత ఇంకేం అనాలో తోచలేదు. ఏ స్వరమూ వినపడలేదు, ఏ శాంతీ రాలేదు. పక్కన మామ్మ గంట ఊపిరి అడుగుతూనే ఉంది. దేవుడు ఆ గంట ఇచ్చాడే అనుకుందాం. ఆ గంటతో నేనేం చేస్తున్నాను? ఉల్లిపాయలు తరుగుతున్నాను. లోపల గిన్నె మాడు వాసన వస్తుంటే అత్తగారు కేకేశారు. లేచి వెళ్లి పొయ్యి ఆర్పాను.

పన్నెండయ్యేసరికి మందిరం నిండిపోయింది. వ్యాను ముసలివాళ్లని దింపి వాకిట్లో ఆగింది, డ్రైవరు కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. రెండు పాటలు అయ్యాయి. ఆయన మైకు అందుకుని ఒక చేత్తో నా కాయితం పట్టుకున్నారు. నేను తలుపు దగ్గర మంచినీళ్ల బిందె పక్కన నిలబడ్డాను, నా చోటు ఎప్పుడూ అదే. గడియారం పన్నెండు నలభై చూపిస్తోంది. ఇప్పుడు బయల్దేరితే నాలుగింటి లోపల చేరొచ్చు. భోజనాలయ్యాక అంటే ఇక వెళ్లక్కర్లేదు.

ఆయన మనసు పెట్టి చేస్తున్నారు. జనం ఏడుస్తున్నారు. “శిథిలాల కింద, మట్టి కింద ఎవరు ఎక్కడ ఉన్నారో మనుషులమైన మాకు తెలియదు ప్రభువా,” అన్నారు. “ఎవరికీ తెలియదు. నీకు ఒక్కడికే తెలుసు.”

ఆ మాట నాదే. నిన్న రాత్రి కళ్లు తుడుచుకుంటూ నేనే రాశాను. వినడానికి ఎంత బాగుంటుందో! మన చేతుల్లో ఏమీ లేదని ఎంత మర్యాదగా చెప్పేస్తుందో!

“నాకు తెలుసు,” అన్నాను.

అంత గట్టిగా అంటానని అనుకోలేదు. ముందు వరసలో ఒకరిద్దరు కళ్లు తెరిచారు. మిగతావాళ్లు ఇదీ ప్రార్థనే అనుకుని తలలు వంచుకునే ఉన్నారు. ఆయన నావైపు చూశారు. వద్దు అన్నట్టు తల ఊపారు. నేను కళ్లు మూసుకోలేదు.

“ప్రభువా, అది ఎక్కడుందో నాకు తెలుసు. నా చెల్లెలు, ఈ మైకులోనే పేరు చదివి బయటికి పంపినదే. మెట్ల కింద గదిలో ఉంది. పోయినేడు నేను సదస్సుకి వెళ్లలేదు. దాని దగ్గరికి వెళ్లాను, ఆ గదిలో దాని పక్కన పడుకున్నాను. వీళ్లందరి ముందు నేను చెప్పిన సాక్ష్యం అబద్ధం. వానకి భయపడి అది మా ఇంటికి వస్తానంటే, ప్రార్థనలో పెట్టామని చెప్పి రానివ్వలేదు. ఐదింటికి అక్కడ తవ్వడం ఆపేస్తారు. ఆ చోటు చూపించగలిగింది నేనొక్కదాన్నే. వ్యాను వాకిట్లో ఉంది. నేను వెళ్తున్నాను. ఆమేన్.”

“ఆమేన్,” అన్నారు అందరూ అలవాటు కొద్దీ. మైకు చేతిలో ఉంది కాబట్టి ఆయన గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది. నేను వెనక్కి తిరిగేసరికి డ్రైవరు అప్పటికే లేచి, గుమ్మం దగ్గర అందరి చెప్పుల్లో తన చెప్పులు వెతుక్కుంటున్నాడు.